ఆకు రాల్చిన అడవిలో నడక

అడవి ఆకు రాల్చినప్పుడే దాని కట్టుబడి బయటపడుతుంది. మానుకూ మానుకూ మధ్య ఎడం, కొమ్మలు చీలే తీరు, బెరడు రంగు, చిటారు కొమ్మన ఉన్న గూళ్ళు, నేల మీది అడుగుజాడలు అప్పుడు తేటగా కనిపిస్తాయి. వానాకాలపు పచ్చదనంలో ఇవేవీ కంటికి ఆనవు. ఉత్తర అమెరికాలోనూ ఉత్తర ఐరోపాలోనూ అటవీ సిబ్బంది, యువజన సంఘాలు పిల్లలను నడి చలికాలంలో అడవికి తీసుకెళ్ళడానికి ఇదొక కారణం. మోకాలు దిగే మంచులో మామూలు బూట్లతో నడవలేరు కాబట్టి పాదాలకు మంచుబూట్లు కడతారు. వెడల్పాటి చట్రానికి పట్టీలు అల్లి చేసిన ఈ సాధనాన్ని అక్కడి ఆదివాసులు తరతరాలుగా వేటకు, ప్రయాణానికి వాడుతున్నారు. దాని వెనక ఉన్నది చిన్న లెక్క. 50 కిలోల బరువున్న కుర్రవాడి రెండు పాదాల కింద సుమారు 400 చదరపు సెంటీమీటర్ల చోటు ఉంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 125 గ్రాముల బరువు పడుతుంది. మంచుబూట్ల జత 2,500 చదరపు సెంటీమీటర్లు ఉంటే ఆ బరువు 20 గ్రాములకు దిగిపోతుంది. మంచు కుంగదు, పిల్లలు అడవి నడిమధ్య దాకా వెళ్ళగలుగుతారు.

తెలుగు నేల మీద మంచు మేట వేయదు. ఆకు రాల్చే అడవి మాత్రం ఉంది. ఫిబ్రవరి నుంచి మే నెల దాకా నల్లమల ఆ పాఠాన్నే మరో తీరుగా చెబుతుంది. జంతువుల జాడలను చూపడంలో అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ బండిబాటల్లోని మెత్తటి దుమ్ము చేస్తుంది.

నందవరం నుంచి నల్లమలకు

ఎమ్మిగనూరుకు ఉత్తరాన, తుంగభద్రకు ఇవతలి వైపున ఉన్న నందవరం మండలంలో పుట్టి పెరిగిన పిల్లలకు అడవి చాలా దూరపు మాట. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమంతా నల్లరేగడి చేలు, పత్తి, శనగ, మిరప, మధ్యమధ్య రాతిగుట్టలు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏటా 670 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటే, పడమటి మండలాల్లో కురిసేది అంతకన్నా తక్కువ. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. ఆ బీటలు లేత వేళ్ళను తెంపేస్తాయి. మిగిలిన కొద్ది తేమను కూడా బంకమట్టి గట్టిగా పట్టుకుని వేళ్ళకు వదలదు. అందుకే చేలగట్ల మీద వేప, తుమ్మ వంటి గట్టి చెట్లే నిలుస్తాయి. గుట్టల మీద తంగేడు, బలుసు, రేగు, కలివి పొదలు, బంజర్లలో కంపచెట్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు నల్లమల నంద్యాల జిల్లా వైపు వెళ్ళింది. కర్నూలు జిల్లాకు మిగిలిన అడవి చాలా తక్కువ.

అలాగని ఈ పడమటి నేలను ఖాళీ నేల అనుకోవడం సరికాదు. ఇది పచ్చికబయళ్ళకూ ముళ్ళపొదలకూ పుట్టిల్లు. కృష్ణజింకలు ఇక్కడ చేలల్లోనే మందలుగా తిరుగుతాయి, మొలకలు మేసి రైతులకు తీరని నష్టం తెస్తాయి. నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లే అయినా, పచ్చికబయలు అంటే ఏమిటో చూపించడానికి అంతకంటే మంచి చోటు దగ్గరలో లేదు. అడవికి వెళ్ళే దారిలో అక్కడ ఒక పూట ఆగితే పిల్లలకు రెండు రకాల నేలలూ పక్కపక్కన తెలుస్తాయి.

కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల దారిలో బైర్లూటి వస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే ఘాట్ దారిలో పచ్చర్ల ఉంది. రెండు చోట్లా అటవీ శాఖ పర్యావరణ విడిదులు ఉన్నాయి, చెంచులు వాటిలో పనిచేస్తారు. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టకూడదు. పిల్లల గుంపు వస్తుందని ముందుగా రేంజ్ ఆఫీసుకు తెలిపి, వాళ్ళు చూపిన బాటలోనే, వాళ్ళు పంపిన మనిషి వెంట నడవాలి. ముందు ఒక చెంచు గైడు, వెనక ఒక వాచరు, మధ్యలో పిల్లలు. మట్టి రంగు బట్టలు, ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ళు. తెల్లవారి ఆరింటికి బయల్దేరితే ఎండ ముదిరే లోపు తిరిగి రావచ్చు.

చెట్టు ఆకును ఎందుకు వదులుకుంటుంది

ఆకు అడుగున కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడు వాటి గుండానే లోపలికి వస్తుంది, నీటి ఆవిరి వాటి గుండానే బయటికి పోతుంది. తిండి కావాలంటే రంధ్రం తెరవాలి, తెరిస్తే నీరు పోతుంది. అక్టోబరు, నవంబరు వానలు వెనకబట్టాక నేలలోని తేమ పైపొర నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. పోయే నీటికి వచ్చే నీరు సరిపోని దశలో చెట్టు ఆకును భరించలేదు. అయినా వెంటనే విసిరేయదు. ముందుగా ఆకులోని పచ్చదనాన్ని విడగొట్టి, నత్రజని, భాస్వరం వంటి విలువైన పోషకాలను సగం దాకా కొమ్మలోకి వెనక్కి లాగుతుంది. ఆకు పసుపుపచ్చగానో ఎర్రగానో మారేది అప్పుడే. తరవాత తొడిమ మొదట్లో ఒక పలచటి కణాల పొర ఏర్పడి బలహీనపడుతుంది, కొమ్మ వైపు బెండు లాంటి పొర గాయాన్ని మూసేస్తుంది. ఇక చిన్న గాలి చాలు. రాలిన చోట మిగిలే మచ్చను భూతద్దంతో చూస్తే నీటి గొట్టాలు తెగిన చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆ చుక్కల అమరిక జాతిని బట్టి మారుతుంది. ఆకు లేకపోయినా చెట్టును గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రజ్ఞులు దాన్నీ వాడతారు.

కెనడాలోనో ఫిన్లాండులోనో చెట్టు ఆకు రాల్చడం వెనక కూడా నీటి కొరత ఉంది. నేలలోని నీరు గడ్డకడితే వేళ్ళకు అందదు. లేత ఆకు గడ్డకట్టి చనిపోతుంది. తేడా అంతా హెచ్చరిక అందే తీరులో ఉంది. ఉత్తరాది చెట్టు పగటి నిడివి తగ్గడాన్ని పసిగట్టి, చలి రాకముందే సర్దుకుంటుంది. అందుకే అక్కడ ఒక జాతి చెట్లన్నీ దాదాపు ఒకేసారి ఆకు రాలుస్తాయి. నల్లమలలో ప్రధానమైన ఆజ్ఞ నేలలోని తేమ నుంచి వస్తుంది. కొండ నెత్తిన, పలక రాళ్ళ మీద నిలిచిన చిరుమాను జనవరిలోనే బోసిపోతే, అదే జాతి చెట్టు వాగు ఒడ్డున మరికొన్ని వారాలు పచ్చగా నిలుస్తుంది. వాగు వెంట ఏరుమద్ది, నేరేడు దాదాపు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. ఒకే చోట నిలబడి కొండ కొమ్ము నుంచి వాగు దాకా చూపు దించితే నేల కింద నీరు ఎక్కడ ఉందో చెట్లే చెప్పేస్తాయి. ఏ పటంలోనూ ఇంత తేలిగ్గా దొరకని సమాచారం ఇది.

బెరడు చదవడం

ఆకు లేని అడవిలో గైడు మొదట నేర్పేది బెరడు. నల్లమద్ది మాను నల్లగా, లోతుగా చీలి, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. ఆ మందపాటి బెరడు ఏటా వచ్చే నేలమంటల నుంచి లోపలి కణజాలాన్ని కాపాడుతుంది. చిరుమాను నున్నగా, బూడిద రంగులో పలచటి పొట్టు రాలుస్తూ ఉంటుంది. వేగిస బెరడుకు గాటు పడితే ఎర్రటి జిగురు కారుతుంది. బూరుగ లేత మానుకు శంకువుల్లాంటి ముళ్ళు. వీటన్నిటి మధ్య రాతిగుట్ట మీద తెల్లగా మెరిసేది తపసి. దాని బెరడు పైపొర కాగితంలా ఊడుతుంది. గోటితో కొద్దిగా గీరితే కింద పచ్చటి పొర కనిపిస్తుంది. ఆకు లేని నెలల్లో ఆ పచ్చటి పొర ఎండను వాడుకుని కొంత ఆహారం తయారుచేస్తుంది. పైన ఉన్న తెల్లటి పొర వేడిని వెనక్కి కొట్టి మానును కాపాడుతుంది. తపసి జిగురును చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు; మందుల తయారీలో, కట్టుడు పళ్ళను నిలిపే పొడుల్లో దాన్ని వాడతారు. లోతుగా నరికితే చెట్టు చచ్చిపోతుంది, పైపైన గాటు పెడితే మాని మళ్ళీ జిగురు ఇస్తుంది. ఎంత లోతు గాటు పెట్టాలన్నది పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు, చేతికి తెలియాలి.

నీటిని దాచుకునే విషయంలో చెట్లు ఒక్కో దారి పట్టాయి. బూరుగ, తపసి, కొండగోగు వంటి మెత్తటి కలప చెట్లు మానులోనే నీటిని నిలవ చేస్తాయి. గట్టి కలప ఉన్న చెట్లు లోతైన వేళ్ళను నమ్ముకుంటాయి. మధ్య అమెరికాలోని కోస్టారికా ఎండుటడవుల్లో రోల్ఫ్ బోర్షెర్ట్ ఈ తేడాను పరిశీలించి, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఎప్పుడు చిగురిస్తుందో నిర్ణయించేది నేలలోనూ మానులోనూ నిలవ ఉన్న నీరేనని 1994లో చూపించాడు. ఆ సూత్రానికి తెలుగు నేల మీద కళ్ళెదుట నిలిచిన ఉదాహరణ 2024 మార్చిలో వార్తల్లోకి వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాపికొండల జాతీయ ఉద్యానంలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది మాను మీద ఉన్న బుడిపెకు గాటు పెట్టగా నీరు ధారగా చిమ్మింది. ఆ నీరు ఘాటైన వాసనతో పుల్లగా ఉంటుంది. కొండరెడ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. దాహం వేసినప్పుడు ఆ చెట్టును ఎలా వెతకాలో వాళ్ళ పెద్దలు పిల్లలకు చెబుతారు. వార్త చూసి ప్రతివాళ్ళూ గొడ్డలి పట్టుకుని బయల్దేరితే మాత్రం అడవికి చేటు. విద్యార్థులకు మానును చూపితే చాలు, నరికి చూపనక్కర్లేదు.

నిలవ నీరు ఉన్న చెట్లు ఆకు లేని ఎండుకాలంలోనే పూస్తాయి. మోదుగ, బూరుగ, కొండగోగు ఒక్క ఆకు లేకుండా నిండా పూసి నిలుస్తాయి. చుట్టూ ఆకు అడ్డం లేకపోవడంతో ఎర్రటి, పసుపుపచ్చటి పూలు చాలా దూరం నుంచి పిట్టలకూ తేనెటీగలకూ కనిపిస్తాయి. గాలికి ఎగిరే గింజలు కూడా ఈ కాలంలోనే పక్వానికి వస్తాయి. వేగిస కాయకు చుట్టూ గుండ్రటి రెక్క, నల్లమద్ది కాయకు అయిదు రెక్కలు, బూరుగ గింజకు దూది. అడ్డుకునే ఆకులు లేని అడవిలో గాలి వాటిని దూరం మోస్తుంది. తొలకరి పడే వేళకు గింజ నేల మీద సిద్ధంగా ఉంటుంది.

దుమ్ములో రాసిన రాత్రి

మంచుదేశాల్లో పిల్లలు కుందేళ్ళ, నక్కల జాడలను కొత్తగా కురిసిన మంచులో చూస్తారు. నల్లమలలో బండిబాట మీద మెత్తటి ఎర్రమట్టి ఆ అవకాశం ఇస్తుంది. అటవీ సిబ్బంది దారికి అడ్డంగా మట్టిని జల్లించి, వేలిమందాన పరిచి, చదును చేసి జాడపట్టీలు తయారుచేస్తారు. సాయంత్రం చదును చేసిన పట్టీ తెల్లవారేసరికి నిండిపోతుంది.

జాడ చూడడానికి పొద్దుటి ఏటవాలు వెలుతురే సరైనది. సూర్యుడికి ఎదురుగా నిలబడి, జాడను తనకూ సూర్యుడికీ మధ్య ఉంచుకుని వంగి చూస్తే గుంట అంచున నీడ పడి ఆకారం లేచి కనిపిస్తుంది. పులి, చిరుతల జాడలో నాలుగు వేళ్ళు, వెనక మెత్త, ఆ మెత్త అడుగు అంచున మూడు ఉబ్బులు ఉంటాయి. గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి గోటి గుర్తు పడదు. రేచుకుక్క, దుమ్ములగొండి జాడల్లో గోళ్ళు గుచ్చుకుంటాయి. ఎలుగుబంటికి అయిదు వేళ్ళు, వాటి ముందు పొడుగాటి గోళ్ళ గీతలు. దాని వెనక కాలి ముద్ర మనిషి పాదాన్ని తలపించడంతో కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. కణితి డెక్క దుప్పి డెక్క కన్నా పెద్దది. జాడ ఎప్పటిదో అంచులే చెబుతాయి. కొత్త జాడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. పాతబడిన కొద్దీ మట్టి రేణువులు లోపలికి జారతాయి, మీద చీమల దారి, రాలిన ఆకు, మంచు బిందువు పడిన గుంట కనిపిస్తాయి.

పులుల లెక్కకు కూడా ఈ విద్యే ఒకప్పుడు ఆధారం. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో పాదముద్రల పద్ధతిని రూపొందించాడు. అద్దం మీద ముద్రను గీసి, కొలతలు తీసి, ఒక్కో పులిని విడిగా గుర్తించేవారు. నేల మెత్తదనాన్ని బట్టి, గీసే చేతిని బట్టి అదే పులి ముద్ర మారిపోతుండడంతో ఆ లెక్కలు నిలవలేదు. 2006 నుంచి నాలుగేళ్ళకోసారి జరిగే దేశవ్యాప్త అంచనాలో కెమెరాలు ముఖ్య ఆధారమయ్యాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు గనక ఫొటో ఉంటే ఏ పులో తేలిపోతుంది. కెమెరాను ఎక్కడ కట్టాలో చెప్పేది మాత్రం ఇప్పటికీ జాడ తెలిసిన మనిషే. ఆ మనిషి నల్లమలలో ఎక్కువగా చెంచు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంతో చెంచుల జీవనం ప్రపంచానికి తెలిసింది. అడవి గురించి వాళ్ళకు తెలిసినదంతా ఇంకా ఎవరూ పూర్తిగా రాసిపెట్టుకోలేదు. వాళ్ళను దారి చూపేవాళ్ళుగా మాత్రమే చూడడం పొరపాటు, నడకలో ఉపాధ్యాయులు వాళ్ళే.

గైడు మాటిమాటికీ ఆగి చెవి ఒగ్గుతాడు. కొండముచ్చులు చెట్టు మీద తింటూ వదిలేసిన చిగుళ్ళు, కాయలు కింద దుప్పులకు మేత అవుతాయి. పైనున్న కొండముచ్చు దూరం నుంచి పులిని చూసి ఖంగుమంటుంది. కింద ఉన్న దుప్పి వాసన పట్టి కూత పెడుతుంది. ఇద్దరి కాపలా ఇద్దరికీ పనికొస్తుంది. ఎండుటాకు మీద నడిస్తే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది కాబట్టి పిల్లలను బండిబాట మీదా, ఇసుక వాగులోనూ నడిపిస్తారు. ఆ ఇసుకలోనే అక్కడక్కడ జంతువులు తవ్వుకున్న చెలమలు కనిపిస్తాయి. వాగులు పూర్తిగా ఎండే నెలల్లో అటవీ శాఖ సిమెంటు సాసర్ గుంతలను ట్యాంకర్లతో నింపుతుంది.

ఎలుగుబంటి పెంటను చిన్న పుల్లతో విడదీస్తే రేల గింజలు, తునికి గింజలు, చెదపురుగుల తలలు బయటపడతాయి. పిల్లలు మొదట ముక్కు మూసుకుంటారు, తరవాత గింజలు ఏరి లెక్కపెట్టడానికి పోటీ పడతారు. తల్లిచెట్టు నీడకు దూరంగా, ఎరువుతో సహా గింజను చేర్చే ఎలుగుబంటి అడవిని నాటే పనిలో ఉంది.

మంట, ఆకు, మట్టి

రాలిన ఆకు చివరికి మట్టి కావాలి. వాన లేని నెలల్లో శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు మందగిస్తాయి కాబట్టి కుళ్ళడం ఆగుతుంది. పేరుకున్న ఎండుటాకుకు ఒక బీడీ ముక్క, ఇప్పపూలు ఏరడానికో కొత్త గడ్డి రావడానికో పెట్టిన నిప్పు చాలు. నల్లమలలో మంటలు చాలావరకు మనుషుల వల్లే పుడతాయి. నేల మీద పాకే మంట పెద్ద మానులను చంపదు గానీ మొలకలను, నేల మీది గూళ్ళను, ఆకు కింద ఉన్న చిన్న ప్రాణులను మాడ్చేస్తుంది. ఏటేటా మంట తగిలిన చోట ముసలి చెట్లే ఉంటాయి, వాటి తరవాతి తరం కనిపించదు. అడవికి పట్టే రోగాల్లో ఇది నిశ్శబ్దమైనది, పచ్చగా ఉన్నప్పుడు బయటపడదు. సిబ్బంది వేసవికి ముందే ఆకు ఊడ్చి అగ్గిగీతలు తీస్తారు. ఉపగ్రహాలు వేడిని గుర్తించి పంపే హెచ్చరికలను భారత అటవీ సర్వే సంస్థ రేంజ్ సిబ్బంది ఫోన్లకు చేరుస్తుంది.

కొలవని పాఠం సగమే. తాడుతో 10 మీటర్లకు 10 మీటర్ల చదరం వేస్తే అది హెక్టారులో నూరో వంతు. అందులో ఉన్న ప్రతి మానునూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపుతో చుట్టి కొలవాలి. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు వస్తే, 3.14తో భాగించగా వ్యాసం 50 సెంటీమీటర్లు. లావు మానులు ఎన్ని, సన్నవి ఎన్ని, మోకాలెత్తు మొలకలు ఎన్ని అని మూడు వరసల్లో రాస్తే ఆ తావు వయసు చేతికి అందుతుంది. మొలకల వరస ఖాళీగా ఉంటే మంటనో పశువుల మేతనో అనుమానించాలి. పడిపోయిన టేకు దుంగ అడ్డకోత కనిపిస్తే వార్షిక వలయాలను వేలితో లెక్కపెట్టవచ్చు. ఆకు లేని నెలల్లో టేకు ఎదుగుదల ఆగి, తొలకరితో మళ్ళీ మొదలవడం వల్లే ఆ వలయాలు అంత స్పష్టంగా పడతాయి. కేరళ టేకు వలయాల నుంచి మన శాస్త్రజ్ఞులు 523 ఏళ్ళ రుతుపవనాల కరువుల ఆనవాళ్ళను వెలికితీశారు.

తిరిగి వచ్చాక

ఒక్క రోజు నడకతో అడవి ఏడాది తెలియదు. దేశమంతా పాకిన సీజన్‌వాచ్ కార్యక్రమంలో పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని వారంవారం దాని ఆకు, పువ్వు, కాయ ఏ దశలో ఉన్నాయో నమోదు చేస్తారు. నందవరంలో దానికి అడవి అక్కర్లేదు. బడి ఆవరణలోని వేప, ఊరి చివరి చింత, రోడ్డు పక్క కానుగ సరిపోతాయి. 1950 నుంచి ఏటా జూలైలో వనమహోత్సవం పేరిట బడుల్లో మొక్కలు నాటుతూనే ఉన్నారు. నాటిన చెట్టును ఏడాది పొడుగునా చూసే అలవాటు మాత్రం బడుల్లో పెరగలేదు. ఆ లోటు పెద్దది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొచ్చే ప్రయోగం ఒకటి ఉంది. తుంగభద్ర దిగువ కాలువ పారే ఊళ్ళ దగ్గర కాలువ గట్టు వేపను ఒకదాన్ని, వానమీదే ఆధారపడ్డ మెట్ట చేను గట్టు వేపను ఒకదాన్ని ఎంచుకోవాలి. రెండూ ఇంచుమించు ఒకే లావున ఉండాలి. జనవరి మొదటి వారం నుంచి జూన్ దాకా ప్రతి ఆదివారం రెండిటి మీదా ముదురాకు, పండాకు, చిగురు, పూత ఎంతెంత ఉన్నాయో నాలుగు గళ్ళలో రాయాలి: లేదు, కొద్దిగా, సగం, నిండుగా. పక్కన వాన పడిన రోజులు, చేతనైతే ఒక అడుగు లోతు మట్టి పిడికిట్లో ముద్ద కడుతుందో పొడిగా రాలుతుందో నమోదు చేయాలి. రెండు చెట్లు ఆకు రాల్చిన వారాల మధ్య తేడా కాలువ నీటి ప్రభావాన్ని చూపుతుంది. చిగురు రెండిటికీ దాదాపు ఒకేసారి వస్తే, చిగురించడానికి తేమతో పాటు పగటి నిడివి, వేడి కూడా కారణాలని అనుమానించి మరుసటి ఏడు మరిన్ని చెట్లతో పరీక్షించాలి.